పాత స్కూటరు నేర్పిన పాఠం

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"పదవీ విరమణ తర్వాత కాలాన్ని సద్వినియోగం చేసుకోవడం" అనే విషయం మీద నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చదివింది ఇంటర్మీడియట్. 1987లో ఈఎంఈలో వెహికల్ మెకానిక్‌గా చేరి, ముప్పై ఏళ్లు చేసి, 2017లో సుబేదారుగా ఇంటికి వచ్చాను. పానా పట్టుకోవడం వచ్చు గానీ ఉపన్యాసాలు రావు. కాబట్టి మా ఇంటి రేకుల షెడ్డులో నేను బాగుచేసుకున్న ఒక పాత చేతక్ స్కూటరు కథ చెబుతాను. విషయం అందులోనే ఉంది.

ఆ స్కూటరు 1996లో ఖడ్కీలో పోస్టింగులో ఉండగా క్యాంటీన్ ద్వారా కొన్నది. చేతక్ పేరు రాణా ప్రతాప్ గుర్రానిదని మీకందరికీ తెలుసు. 1972లో మొదలైన బండి. మన పూణే వాళ్లకి ఆకుర్డీ పక్కనే కాబట్టి అది మన ఊరి బండే. ముందు బాబు నిలబడి, వెనక భార్య, ఆమె ఒళ్లో పాప, డిక్కీలో కూరగాయల సంచీ! పొద్దున స్టార్టు కాకపోతే పక్కకి వంచి కిక్కు కొట్టని వాడు ఈ సభలో ఒక్కడైనా ఉన్నాడా?

2009 తర్వాత పిల్లలకి గేర్లు లేని బండి వచ్చింది. చేతక్ షెడ్డులో మూలపడింది. నేను రిటైరయ్యాక సెక్యూరిటీ సూపర్‌వైజరుగా మూడేళ్లు చేశాను. 2020 లాక్‌డౌనులో అదీ పోయింది. చేతికింద ఇరవై మందితో పని చేయించినవాణ్ణి, ఇంట్లో కూర్చుని టీవీ చూస్తూ, అందరి మీదా అరుస్తూ ఉండేవాణ్ణి. సాయంత్రం ఎప్పుడవుతుందా, క్యాంటీన్ సీసా ఎప్పుడు తీద్దామా అని గడియారం చూసేవాణ్ణి. సిగ్గుపడే మాటే అయినా, మనలో మనకి దాచేదేముంది?

2021లో మా అబ్బాయి, "నాన్నా, ఆ స్కూటరు పాత ఇనుపవాడికి ఇచ్చేద్దాం, రెండు వేలిస్తాడట" అన్నాడు. సరే అన్నాను. మా ఇంటావిడ మాత్రం, "వద్దండీ, అది ఉండనివ్వండి" అంది. ఎందుకంటే చెప్పలేదు. ఆవిడ ఏ వస్తువు కోసమూ అలా పట్టుబట్టిన మనిషి కాదు. పోనీలే, నేనే బాగుచేస్తాను అన్నాను.

మొదట కాగితాలు చూశాను. మీలో ఎవరైనా ఈ పని మొదలుపెడితే మీరూ అదే చేయండి. కొత్త బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లు. ఆ తర్వాత బండి చూపించి ప్రతి 5 ఏళ్లకీ రెన్యువల్ చేయించాలి. నాది 2011లోనే అయిపోయింది. జరిమానా కట్టి సరిచేసుకున్నాను. పెయింటు గీకేటప్పుడు ఛాసిస్ నంబరు మీద ఎమరీ కాగితం పెట్టకండి. నంబరు చెరిగితే ఎంత మంచి బండైనా ఆర్టీవో ముందు దొంగ బండే. రంగు మార్చినా ఆర్సీలో రాయించాలి. అందుకే నేను పాత రంగే వేయించాను.

ఇక బండి సంగతి. కిక్కు దిగలేదు. పిస్టన్ బోరులో పట్టేసింది. కిక్కు మీద ఎక్కి తొక్కొద్దు, లోపల ఏదో ఒకటి విరుగుతుంది. ప్లగ్గు తీసి, కిరోసిన్, ఇంజన్ ఆయిలు కలిపి లోపల పోసి నాలుగు రోజులు వదిలేశాను. ఐదో రోజు ఫ్లైవీల్ పట్టుకుని కొద్దికొద్దిగా అటూ ఇటూ కదిపితే వదిలింది. ట్యాంకులో పెట్రోలు బంకలాగా అయిపోయింది. దాన్ని కడిగి, గుప్పెడు నట్లు వేసి ఊపితే తుప్పంతా రాలింది. విప్పిన ప్రతి ముక్కనీ బిస్కెట్ డబ్బాల్లో వేసి చీటీ అంటించాను. వర్క్‌షాపు అలవాటు ఎక్కడికి పోతుంది?

ఇక్కడొక హెచ్చరిక. ఆ స్కూటరు చక్రం రెండు రేకు ముక్కలు కలిపి నట్లతో బిగించినది. టైరులో గాలి పూర్తిగా తీయకుండా ఆ నట్లు విప్పితే రేకు ఎగిరి మొహాన కొడుతుంది. ముందు గాలి, తర్వాత పానా.

సిలిండరు నానాపేటలో బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్, రింగులు వేశాను. పాయింట్ల గ్యాపు 0.4, ప్లగ్గు గ్యాపు 0.6 మిల్లీమీటర్లు పెట్టాను. కొత్త కండెన్సరు వేశాను. మూడో కిక్కుకి స్టార్టయింది! అప్పుడు నా ఛాతీ చూడాలి. పెద్ద పెద్ద డీజిలు లారీల ఇంజన్లు దింపి ఎక్కించినవాణ్ణి, 150 సీసీ బండి నాకొక లెక్కా అనుకున్నాను.

లెక్కే అయింది. పదిహేను కిలోమీటర్లు వెళ్లానో లేదో, యాక్సిలరేటరు వదిలినా ఇంజను తగ్గకుండా గొంతు పెంచింది. ఏమిటా అనుకునేలోగా పిస్టన్ పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుపోయింది, నేను రోడ్డు మీద ఉన్నాను. మోచేయి, మోకాలు చెక్కుకుపోయాయి. దేవుడి దయ, వెనక లారీ లేదు.

బండిని టెంపోలో వేసుకుని ఒక ముసలి మెకానిక్కు దగ్గరకి తీసుకెళ్లాను. స్కూళ్లలో చదివినవాడు కాదు. నలభై ఏళ్లుగా స్కూటర్లే. విప్పి చూసి, "కింద సీళ్లు మార్చారా సాబ్?" అన్నాడు. లేదన్నాను. పై భాగం మాత్రమే విప్పాను, క్రాంక్ కేసు జోలికి పోలేదు. ఆయన నవ్వి, "టూ స్ట్రోక్ బండి కింద కూడా ఊపిరి పీలుస్తుంది సాబ్" అన్నాడు.

సోదరులారా, ముప్పై ఏళ్ల సర్వీసు ఆ ఒక్క మాటతో నేలకి దిగింది. మన డీజిలు ఇంజన్లలో ఆయిలు సంపులో వేరుగా ఉంటుంది. టూ స్ట్రోకులో అలా కాదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే పిస్టన్‌కీ బేరింగులకీ దిక్కు. ఆ మిశ్రమం ముందు క్రాంక్ కేసులోకి వచ్చి, అక్కడినుంచి పైకి వెళుతుంది. పన్నెండేళ్లు పడి ఉంటే సీలు రబ్బరు ఎండి బీటలిస్తుంది. ఫ్లైవీల్ వైపు సీలు పోతే అక్కడినుంచి దొంగగాలి లోపలికి వస్తుంది. గాలి ఎక్కువై పెట్రోలు పాలు తగ్గితే, దానితో వచ్చే ఆయిలూ తగ్గుతుంది. వేడెక్కి పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిలు లోపలికి వెళ్లి కాలి, తెల్ల పొగ విడవకుండా వస్తుంది. ఖరీదు చూస్తే మొత్తం బండిలో చవకైన ముక్కలు అవే. ఇంకో మాట, ఇంజను గొంతు మారిందనిపిస్తే మొదట క్లచ్ పట్టండి, ఆలోచన తర్వాత.

ఆయన దగ్గర పది రోజులు కుర్రాడిలాగా కూర్చుని నేర్చుకున్నాను. క్రాంక్ కేసు విడదీసి సీళ్లు, బేరింగులు, గాస్కెట్లు అన్నీ మార్చాం. మళ్లీ బోరు, మళ్లీ పిస్టన్.

ఇంట్లో పడ్డ సంగతి చెప్పలేదు. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, "ఏం లేదు, బండి బాగానే ఉంది" అన్నాను.

తర్వాత బాడీ పని. పెయింటంతా నేనే గీకాను. ఎడమ వైపు ముందు రేకు దగ్గర గీకుతుంటే పుట్టీ పెళ్లలు పెళ్లలుగా ఊడింది. దాని కింద జానెడు పొడుగున గ్యాస్ వెల్డింగు, సుత్తి దెబ్బల గుర్తులు. ఇది పెద్ద యాక్సిడెంటు గుర్తు. నేను ఆ బండిని ఎప్పుడూ అలా పడేయలేదు. మా ఆవిణ్ణి పిలిచి, "ఇదేమిటి?" అన్నాను. ఆవిడ చాలాసేపు ఆ అతుకు వంక చూసి, అక్కడే ముక్కాలిపీట మీద కూర్చుంది.

"2002 జూలై అండీ" అంది.

ఆపరేషన్ పరాక్రమ్ మీకు గుర్తుండే ఉంటుంది. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత వెళ్లినవాళ్లం, 2002 అక్టోబరులో వెనక్కి తీసేదాకా సరిహద్దులోనే ఉన్నాం. నేను రాజస్థాన్ ఇసుకలో. ఆవిడ ఇక్కడ ఇద్దరు పిల్లలతో ఒంటరిగా. మాది గిద్దలూరు వైపు పల్లె, ఆవిడకి మరాఠీ రాదు, హిందీ అంతంతమాత్రం. బండి మాత్రం పట్టుబట్టి నేర్చుకుంది. ఆ రాత్రి పాపకి జ్వరం ఎక్కువై మాట తేలిపోతుంటే, బాబుని పక్కింటివాళ్ల దగ్గర వదిలి, పాపని చీరకొంగుతో నడుముకి కట్టుకుని వానలో బయల్దేరిందట. మలుపులో బురద మీద జారి పడ్డారు. ఆవిడ ఎడమ మణికట్టు విరిగింది. పాప నుదుటికి మూడు కుట్లు. దారిన పోయే పాల వ్యాను అతను హాస్పిటల్లో చేర్చాడట. బండి బాగుచేయించడానికి గాజు ఒకటి తాకట్టు పెట్టిందట.

పాప నుదుటి మీద మచ్చ నేను సెలవులో చూశాను. బడి మెట్ల మీద పడిందన్నారు, నమ్మాను. ఆ జూలైలో 56 ఏపీఓకి నాకొచ్చిన ఉత్తరం ఇంకా ట్రంకుపెట్టెలో ఉంది. తీసి చూశాను. "ఇక్కడ మేమంతా క్షేమం, మీరు బెంగ పెట్టుకోవద్దు" అని ఉంది. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. ఆ వంకర అప్పట్లో నాకు కనబడలేదు. ఉత్తరం రాస్తుంటే కాగితం జారకుండా పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు కదా.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "చెబితే మీరేం చేసేవారు? తుపాకీ పక్కన పెట్టి వచ్చేవారా?" అంది. నాకు జవాబు రాలేదు. ఆ తర్వాత ఆవిడే, "ఆ మోచేతికి ఏమైంది, ఇప్పుడైనా చెబుతారా?" అంది. చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాను.

పెయింటరు ఆ అతుకు మీద మళ్లీ పుట్టీ పెట్టాడు. పెట్టాలి, లేకపోతే నీళ్లు దిగి తుప్పు పడుతుంది. అయితే మన వర్క్‌షాపు పద్ధతిలో ఆ స్కూటరుకి నేనొక లాగ్‌బుక్ తెరిచాను. అందులో మొదటి ఎంట్రీ 2002 జూలైది. నడిపినవారు, గాయాలు, జరిగిన రిపేరు, అన్నీ ఆవిడ చెబుతుంటే రాశాను. రెండో ఎంట్రీ 2021లో నేను పడినది. కారణం: సీళ్లు మార్చకపోవడం, గర్వం.

మొత్తం ఖర్చు 23,400 రూపాయలు, రెండో పిస్టన్‌తో కలిపి. పట్టిన కాలం ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో సాయంత్రం సీసా ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. ఇప్పుడు లీటరుకి 20 మిల్లీలీటర్ల ఆయిలు కలిపి, వారానికి రెండుసార్లయినా నడుపుతాను. ఈ రోజుల్లో పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా కలుస్తోంది. అది తేమ పీల్చుకుంటుంది, పాత రబ్బరుకి పడదు. నెలల తరబడి నిలబెట్టే బండయితే ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేసి పెట్టండి.

రిటైరయిన సోదరులకి నా మనవి ఒకటే. చేతికి ఏదో ఒక పని ఇవ్వండి. స్కూటరే కానక్కరలేదు, కుండీలో మొక్కయినా సరే. నేర్పేవాడు మనకంటే చిన్న హోదావాడైనా వాడి ముందు కూర్చోండి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకి ఇంకొక మాట. మీకిప్పుడు వీడియో కాల్ ఉంది. ఇంటికి ఫోను చేసి "అంతా బాగున్నారా?" అని అడిగితే "బాగున్నాం" అనే వస్తుంది. నాకూ అదే వచ్చింది. "ఈ వారం ఇంట్లో ఏది పాడైంది? ఎవరు బాగుచేశారు?" అని అడిగి చూడండి. మీరు కూడా మీ సంగతి, చెప్పదగినంత వరకు చెప్పండి.

మా ఆవిడ ఈ సభలోనే మూడో వరసలో ఉంది. ఇదంతా చెప్పడానికి ముందే అనుమతి తీసుకున్నాను. ఇద్దరం ఆ స్కూటరు మీదే వచ్చాం. బయట చెట్టు కింద ఉంది, చూడాలనుకున్నవాళ్లు చూడవచ్చు. కిక్కు మాత్రం నేనే కొడతాను.

 జై హింద్.