అండాశయపు క్యాన్సరు: మన కర్తవ్యము



శ్రీ జోగులాంబా సన్నిధిని, తుంగభద్రాతీరమున మన వార్షిక మహాసభ జరుగుట మన భాగ్యము. తల్లిని కొలుచు ఈ ఆలంపూరు క్షేత్రమున మన యిండ్లలోని తల్లులను గూర్చి కొన్ని మాటలు మనవిచేసి, తమ సహాయమును అర్థింప వచ్చితిమి.

గర్భాశయమునకు ఇరుప్రక్కల నుండు అండాశయములకు కలుగు క్యాన్సరు మిక్కిలి గుట్టుగా పెరుగును. కడుపుబ్బరము, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండుట, పొత్తికడుపున నొప్పి, మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట దాని చిహ్నములు. అజీర్ణమనుకొని వాముకషాయముతో మనవారు సరిపుచ్చుకొందురు. ఇవి క్రొత్తగా పుట్టి రెండు మూడు వారములైనను విడువకున్న, అందునను ముట్లుడిగిన స్త్రీలకైనచో, వెంటనే వైద్యురాలికి చూపవలయును. ఏ బాధయు లేనివారిలో దీనిని ముందుగా పట్టియిచ్చు నమ్మకమైన పరీక్ష నేటికిని లేదు. బ్రిటనున 2,00,000 మందికి పైగా స్త్రీలతో ఏండ్ల తరబడి సాగిన పరిశోధనలో అట్టి పరీక్షలచే మరణములు తగ్గలేదని 2021లో తేలినది. కావున చిహ్నముల నెఱిగియుండుటయే మనకు దిక్కు.

కొన్ని కుటుంబములలో ఈ వ్యాధి వంశానుగతము. 1994, 1995 సంవత్సరములలో గుర్తింపబడిన బి.ఆర్.సి.ఏ. జన్యువులు రెంటిలోని లోపము తల్లినుండియే కాక తండ్రినుండియు బిడ్డలకు సంక్రమింపగలదు. కావున మేనత్తకు వచ్చిన వ్యాధియు విచారింపదగినదే. ఏడు తరముల యింటిపేర్లు చెప్పగల పెద్దలు మనలో కలరు. అమ్మమ్మ యే వ్యాధిచే పోయెనో చెప్పువారు అరుదు. చెప్పినచో పిల్లలకు సంబంధములు రావను భయమే దీనికి మూలము. ఆ భయమును కల్పించినవారము మనమే, పోగొట్టవలసినవారమును మనమే. వ్యాధి పేరు చెప్పి సంబంధమును త్రోసివేయుట మర్యాద కాదని ఈ సభ తీర్మానింపవలెనని మా ప్రార్థన.

ఇక ధనము మాట. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో నాటి మన మహబూబునగరము ఒకటి. తెలంగాణమున 2023 డిసెంబరులో దాని పరిమితి కుటుంబమునకు 10 లక్షల రూపాయలకు పెంపబడినది. హైదరాబాదున 1955లో వెలసిన ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రియు కలదు. చికిత్సకు త్రోవ యున్నది, త్రోవఖర్చే లేదు. ఇచటినుండి అచటికి 200 కిలోమీటర్లకు పైమాట. శస్త్రచికిత్సయే కాక, మందెక్కించుటకు సాధారణముగా మూడు వారముల కొకసారి చొప్పున ఆరు పర్యాయములు పోవలయును. రోగికిని తోడువచ్చువారికిని బండిఖర్చు, బస, భోజనము, పోయిన కూలి భరింపలేనివారు చికిత్సను సగములో విడుతురు.

కావున తొలి పరీక్షలకును, ప్రయాణములకును మన సంఘమున ఒక నిధి నేర్పరుప తలచితిమి. పెండ్లివిందున ఒక పిండివంట తగ్గించి, ఆ సొమ్ము నిండని పేదయింటివారును, పుష్కలముగా నీయగల దాతలును సమానముగా మాకు పూజ్యులు. సహాయమందినవారి పేరు వెల్లడింపము. వచ్చిన ప్రతి రూపాయి లెక్కను రాబోవు మహాసభలో చదివి వినిపింతుము.

ఇట్లు విన్నవించి సెలవు గైకొనుచున్నాము.