మోటారు బాగానే ఉంది, పెట్టె కాలింది

(వ్యవసాయంలో విద్యుత్ వాహనాల వినియోగంపై సంఘం జిల్లా కమిటీ ఏర్పాటు చేసిన చర్చా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మద్దతు ధర, ఎరువుల కొరత, పంట రుణాలు, బీమా గురించి మాట్లాడుకోవడం అలవాటు. ఈ రోజు మాత్రం బల్ల మీద రెండు చెడిపోయిన పెట్టెలు పెట్టుకుని మాట్లాడుతున్నాం. ఒకటి బ్యాటరీతో నడిచే సరుకుల ఆటోది. రెండోది సోలార్ పంపుది. రెండింటి మూతలూ విప్పే ఉన్నాయి. చర్చ అయ్యాక అందరూ దగ్గరకొచ్చి చూడండి.

ఆటో మన సభ్యుడిదే. తన తోటలో కాయగూరలు, పక్క రైతులవి కలిపి రైతు బజారుకు చేరవేయడానికి అప్పు మీద కొన్నాడు. మొదటి ఏడాది బాగానే గడిచింది. డీజిల్ ఖర్చు లేదు, బండి కిస్తీ బండే కట్టుకుంది. రెండో ఏడాది మే నెలలో దోసకాయ లోడుతో కాలవ కట్ట ఎక్కుతుంటే ఆగిపోయింది. బ్యాటరీ బాగుంది, మోటారు బాగుంది. ‘కంట్రోలర్ పోయింది, పైనుంచి రావాలి’ అన్నారు షోరూమ్ వాళ్లు. రావడానికి 23 రోజులు పట్టింది. లోపలికి నీళ్లు పోయాయి కాబట్టి వారంటీ వర్తించదన్నారు. ఆ 23 రోజులూ కిస్తీ ఆగలేదు, కాయ ఆగలేదు. కిరాయి బండి పెట్టుకున్నాడు. మన ఆఫీసుకొచ్చి ఒకే మాట అడిగాడు: ‘బోరు మోటారు కాలితే తెల్లారేసరికి వైండింగ్ కట్టించి దించుకుంటాం కదా, ఈ పెట్టెకు ఇన్ని రోజులేమిటి?’

ఆ ప్రశ్నకు జవాబు వెతికే పనిలోనే మేము ఈ పెట్టెలు విప్పాం.

ముందుగా ఈ పెట్టె చేసే పనేమిటో చూద్దాం. బ్యాటరీ ఇచ్చేది ఒకే దిశలో పారే కరెంటు. మోటారు తిరగాలంటే మూడు ఫేజుల కరెంటు కావాలి. ఆ మార్పు చేసేది కంట్రోలర్. అందులో ఆరు స్విచ్చులు ఉంటాయి. మాస్‌ఫెట్లు అంటారు వాటిని. మన స్టార్టర్‌లో కాంటాక్టర్ పొద్దున ఒకసారి టక్కుమని అతుక్కుంటుంది, కట్టేసేదాకా ఇక దానికి పనిలేదు. ఈ స్విచ్చులు అలా కాదు. సెకనుకు వేలసార్లు కలుస్తాయి, విడిపోతాయి. మీరు హ్యాండిల్ తిప్పినప్పుడు మారేది అవి ఎంతసేపు కలిసి ఉండాలన్న లెక్కే.

5 హార్స్‌పవర్ పంపు మోటారు 415 వోల్టుల మీద ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుందని మనందరికీ తెలుసు. ఆటో బ్యాటరీ 48 వోల్టులది. అందులోంచి 5 కిలోవాట్లు లాగాలంటే 100 ఆంపియర్లు దాటాలి. తీగలోనైనా స్విచ్‌లోనైనా కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. 5 కిలోవాట్లలో నూటికి నాలుగు వంతులు వేడిగా పోయినా 200 వాట్లు. పాత 100 వాట్ల బల్బులు రెండు తీసుకుని సీటు కింద మూసిన డబ్బాలో వెలిగించారనుకోండి. బయట 44 డిగ్రీల ఎండ. పెట్టె పరిస్థితి అదీ.

చల్లటి గదిలో, కొలబద్దల మధ్య ఏ పెట్టె అయినా పనిచేస్తుంది. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం పనిచేస్తుందా అన్నదే మన ప్రశ్న.

ఆటో పెట్టెను వైండింగ్ మేస్త్రీ ఒకరు, పాలిటెక్నిక్ మాస్టారు ఒకరు కలిసి విప్పారు. వైర్లు లోపలికి వెళ్లే చోట రబ్బరు బిగుతుగా లేదు. అక్కడినుంచి నీరు దిగి రాగి గీతలు పచ్చబడ్డాయి. నీళ్లు పోయాయన్న షోరూమ్ మాట అబద్ధం కాదు. మన సభ్యుడు కూడా పంపు పైపుతో బండిని కిందనుంచి కడిగేవాడినని ఒప్పుకున్నాడు. కానీ బురదలో, వానలో తిరగడానికే అమ్మిన బండిలోకి నీళ్లు పోతే ఆ తప్పు ఎవరిది?

నీళ్లు ఒక్కటే కాదు. స్విచ్చుల వేడిని బయటి అల్యూమినియం దిమ్మెకు అందించడానికి మధ్యలో ఒక లేపనం పూస్తారు. ఇందులో అది ఒక మూలకే ఉంది. ఒక స్క్రూ అసలు బిగించనే లేదు. ఒక్కో స్విచ్ స్థానంలో చిన్న మాస్‌ఫెట్లు నాలుగు పక్కపక్కన కలిపి పెట్టారు. అలా పెట్టడం తప్పు కాదు, నలుగురూ సమానంగా మోస్తే. ఒకదానికి చల్లదనం అందక అది ముందు పోయింది, దాని భారం పక్కదాని మీద పడి అదీ పగిలింది. కావడి మోసేవాళ్లలో ఒకడు కూలబడితే జరిగేదే ఇక్కడా జరిగింది.

ఇక కెపాసిటర్లు. నిలబెట్టిన చిన్న డబ్బాల్లా ఉండి, పై భాగం ఉబ్బి ఉన్నాయి చూడండి. వాటి మీద 85 డిగ్రీలు అని అచ్చు ఉంది. ఈ ఒక్క అంకె గురించి కాస్త ఓపికగా వినండి, అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఈ రకం కెపాసిటర్‌కు అచ్చువేసిన వేడి దగ్గర ఇన్ని గంటల ఆయుష్షు అని లెక్క ఉంటుంది. మామూలు రకానికి 2000 గంటలు. వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు, 10 పెరిగితే సగం. పరిశ్రమలో అందరూ వాడే అంచనా ఇది. బండి రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగితే 2400 గంటలు. పెట్టె లోపల 75 డిగ్రీలు ఉంటే 85 డిగ్రీల కెపాసిటర్ 4000 గంటలు, అంటే రెండేళ్లు కూడా నిలవదు. అదే చోట 105 డిగ్రీల కెపాసిటర్ పెడితే 16000 గంటలు, ఆరేళ్లు దాటి నిలుస్తుంది. పెట్టెలో వేడి ఇంకో 10 డిగ్రీలు తగ్గేలా పెద్ద దిమ్మె పెడితే 13 ఏళ్లు. బండి అప్పు మూడు నాలుగేళ్లది. మన సభ్యుడికి అప్పు తీరకముందే కెపాసిటర్ కాలం తీరింది.

ఈ రెండు రకాల కెపాసిటర్ల ధరలో తేడా కొద్ది రూపాయలు. మాస్టారు లెక్క ప్రకారం మంచి కెపాసిటర్లు, కాస్త పెద్ద దిమ్మె, సరైన రబ్బరు, బోర్డు మీద తడి అంటకుండా పూసే వార్నిష్ పూత అన్నీ కలిపినా పెరిగే ఖర్చు వందల్లోనే, వేలల్లో కాదు. మరి ఎందుకు పెట్టరు? షోరూమ్‌లో ధర బోర్డు మీద ఇవేవీ కనిపించవు కాబట్టి. మనమూ ‘ఎంత తగ్గిస్తావు’ అనే అడుగుతాం, ‘లోపల కెపాసిటర్ ఎన్ని డిగ్రీలది’ అని ఎన్నడూ అడగలేదు. విత్తనం కొనేటప్పుడు మొలక శాతం అడగకుండా సంచి బొమ్మ చూసి కొన్నట్టే.

అలాగని ఖరీదైనదంతా మంచిదనీ అనుకోవద్దు. సిలికాన్ కార్బైడ్ స్విచ్చులని ఈ మధ్య చాలా వినిపిస్తోంది. అవి 400, 800 వోల్టుల పెద్ద కార్లకు మేలే. మన 48 వోల్టుల ఆటోకు మామూలు సిలికాన్ మాస్‌ఫెట్ చాలు. చూడాల్సింది దాని ఓర్పు. 48 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 58 దాకా వెళ్తుంది, స్విచ్ తెగినప్పుడల్లా పైకి ఒక ఉదుటు వస్తుంది. అక్కడ 75 వోల్టుల రకం పెడితే అంచు మీద నడిచినట్టే. 100 వోల్టులది పెడితే ఊపిరి ఉంటుంది.

ఇంకొకటి ఉంది, దానికి దాదాపు ఖర్చే లేదు. లోపల వేడిని కొలిచే చిన్న గింజ లాంటి పరికరం పెట్టి, వేడి మితిమీరినప్పుడు పెట్టె తనంతట తానే కరెంటు తగ్గించుకునేలా చేయొచ్చు. అలిసిన ఎద్దు నడక తగ్గిస్తుంది, అక్కడికక్కడే చచ్చిపోదు. బండి కూడా కట్ట మీద నెమ్మదిస్తే మనకు నష్టం లేదు. దారిలో కాలిపోతేనే నష్టం.

రిపేరు దగ్గరకు వచ్చేసరికి మేస్త్రీకీ మాస్టారుకూ వాదన పడింది. కొందరు తయారీదారులు పెట్టె నిండా జిగురు లాంటి రెసిన్ పోసి గట్టిపరుస్తారు. నీరు రాదు, కుదుపులకు చెదరదు. మాస్టారు దాన్ని సమర్థించారు. ‘పోస్తే బాగుచేసే దారే ఉండదు, మొత్తం పారేయాల్సిందే’ అన్నాడు మేస్త్రీ. ఇద్దరి మాటలోనూ నిజముంది. మాకు మేస్త్రీ మాటే నచ్చింది. పూత వేసి, రబ్బరు సరిగా పెట్టి, స్విచ్చుల బోర్డును, దాన్ని నడిపే బోర్డును విడివిడిగా అమరిస్తే కాలిన సగమే మార్చుకోవచ్చు. మన సభ్యుడు మొత్తం పెట్టె ధర కట్టాడు. లోపల పోయినవి రెండు మాస్‌ఫెట్లు, నాలుగు కెపాసిటర్లు.

రెండో పెట్టె సోలార్ పంపుది. ఇది మొదటిదానికి తోబుట్టువే. పలకల నుంచి వచ్చే కరెంటును మూడు ఫేజులుగా మార్చి మోటారుకు ఇస్తుంది. లోపల అవే ఆరు స్విచ్చులు, అవే కెపాసిటర్లు. దీనిలో ఏమైందంటే, కేబుల్ రంధ్రం గుండా బల్లి దూరి టెర్మినళ్ల మధ్య అడ్డంగా పడి కాలింది. బల్లితో పాటు బోర్డూ పోయింది. నవ్వుకున్నాం గానీ, మిరప తోటకు తడి ఇవ్వాల్సిన వారంలో ఆ రైతుకు నవ్వు రాలేదు. పడమటి ఎండ నేరుగా తగిలేలా స్తంభానికి బిగించి, పైన రేకు ముక్క కూడా పెట్టలేదు.

2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో అమ్మినవాళ్లు అయిదేళ్లు నిర్వహణ చూడాలని, జిల్లాకో సర్వీసు కేంద్రం ఉండాలని, స్థానిక భాషలో ఫోను సహాయం ఇవ్వాలని నిబంధనలు ఉన్నాయి. విద్యుత్ వాహనాలకు సబ్సిడీ ఇచ్చిన ఫేమ్-2లో మూడేళ్ల వారంటీ షరతు ఉండేది. కాగితం మీద ఇవి మంచివే. పెట్టె మాత్రం జిల్లాలో ఉండదు. వారంటీ అంటే కొత్త పెట్టె ఎన్ని రోజుల్లో వస్తుందో రాసి ఉండాలి. లేకపోతే అది చెల్లని చెక్కు.

బాగుచేసుకునే హక్కు గురించి ఢిల్లీలో మాట జరగలేదని కాదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇందుకు కమిటీ వేసింది. అది ఎంచుకున్న రంగాల్లో వ్యవసాయ పరికరాలు, వాహనాలు రెండూ ఉన్నాయి. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాలను రైతులే బాగుచేసుకునేందుకు చట్టమే చేసింది. ట్రాక్టర్ కంపెనీల తాళాలతో విసిగిన అక్కడి రైతులు పోరాడి సాధించుకున్నారు.

చార్జర్ గురించి కొంచెం. మన ఊళ్లో సాయంత్రం వోల్టేజీ 170కి పడిపోవడం, రైస్ మిల్లు ఆగగానే ఒక్కసారి పైకి లేవడం మామూలే. న్యూట్రల్ తెగితే ఇంటి లైన్‌లోకి 400 దాకా వస్తుంది. చార్జర్ ఇవన్నీ తట్టుకోవాలి, తట్టుకోలేనప్పుడు తనంతట తాను తెగాలి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో విద్యుత్ స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ ఏడాది డిసెంబరు నుంచి బ్యాటరీల భద్రతా ప్రమాణాలు కట్టుదిట్టం చేశారు. అయినా పడక గదిలో, దారిలో చార్జింగ్ పెట్టొద్దు. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు వాడొద్దు, ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించుకోండి. ఎండలో తిరిగొచ్చిన బండిని గంటసేపు నీడన చల్లారనిచ్చి అప్పుడు పెట్టండి.

బురదలో చక్రం దిగబడినప్పుడు హ్యాండిల్ తిప్పి పట్టుకోవద్దు. మోటారు తిరగకపోతే కరెంటంతా ఒకటి రెండు స్విచ్చుల గుండానే పోతుంది, క్షణాల్లో కాలుతాయి. కట్ట మీద ఆగాలంటే బ్రేకు వేయండి, హ్యాండిల్‌తో ఆపి ఉంచొద్దు. సీటు కింద నీటి పైపు పెట్టొద్దు. కొట్టంలో నిలిపే బండికి ఎలుకలు వైర్లు కొరకకుండా చూసుకోండి. సోలార్ పెట్టెకు నీడ రేకు, రంధ్రాలకు మూతలు ఈ వారమే పెట్టించండి, వంద రూపాయల పని.

కలెక్టర్‌కు, సబ్సిడీలు ఇచ్చే శాఖలకు వినతిపత్రం తయారుచేశాం. అడిగినవి ఇవి: కంట్రోలర్‌ను చల్లటి గదిలో కాదు, 45 డిగ్రీల గాలిలో నిండు లోడుతో పరీక్షించి ఆ ఫలితాన్ని బండి మీద రాయాలి. కెపాసిటర్ వేడి అంకె, పెట్టెలోకి నీరూ దుమ్మూ రాని స్థాయి కొనేవాడికి చెప్పాలి. సబ్సిడీ తీసుకున్న కంపెనీ ప్రతి జిల్లాలో విడి పెట్టెలు నిల్వ ఉంచి ఏడు రోజుల్లో మార్చాలి, దాటితే రోజుకింతని కిస్తీ భారం భరించాలి. సర్క్యూట్ పటం, విడి భాగాలు బయటి మేస్త్రీలకూ అమ్మాలి. ఐటీఐలలో వైండింగ్ పక్కనే ఈ బోర్డుల రిపేరు నేర్పాలి. చివరిది మేస్త్రీ రాయించాడు. తన కొడుక్కి నేర్పించాలని చూస్తే చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదట.

ఏడు రోజులు ఎక్కువని కొందరు, కంపెనీలు ఒప్పుకోవని కొందరు అంటున్నారు. దాని మీద ఇప్పుడు చర్చ పెడదాం. ఇంకొక్క మాట. ఈ రెండు పెట్టెలతో కలెక్టర్ దగ్గరకు వెళ్తే ఎవరో ఇద్దరి గొడవ అంటారు. మీ ఊళ్లలో కాలి మూలన పడేసిన కంట్రోలర్లు, చార్జర్లు, సోలార్ పెట్టెలు ఉంటే వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. కొన్న తేదీ, పోయిన తేదీ, బాగుకు పట్టిన రోజులు, కట్టిన డబ్బు ఒక చీటీ మీద రాసి పెట్టెకు అంటించండి. మేస్త్రీ వస్తానన్నాడు, మాస్టారూ వస్తారు.