పల్లెలో ఇల్లు - పంచాయతీ బాధ్యత
(ఉపన్యాస పాఠము)



కేంద్ర ప్రభుత్వోద్యోగము తెలుగువారిని ఎంత దూరమునకు కొనిపోయినను, ఉద్యోగ విరమణానంతరము స్వగ్రామమున ఒక చిన్న యిల్లు కట్టుకొనవలెనను కోరిక వారిలో పలువురిని విడువదు. ఉద్యోగుల గృహనిర్మాణమునకై కేంద్ర ప్రభుత్వము 1956 నుండియు అప్పులిచ్చుచున్నది. ఆ అప్పు కోరువారు స్థలముపై తమకు గల హక్కును, అధికారులు ఆమోదించిన ప్లానును చూపవలసియుండును. ఆ ప్లాను కొరకు పంచాయతీ కార్యాలయమునకు పోయిన నాడు, తాము కొన్న స్థలము అనుమతి లేని లేఅవుటులోనిదని తెలిసికొనువారు కలరు. జీవితమంతయు కూడబెట్టిన సొమ్ము అప్పటికే చేతులు మారియుండును. కావున గృహనిర్మాణానుమతి యనగా నేమి, దానిని ఎవరు కనిపెట్టి యుండవలెను అను ప్రశ్న ఊరిలోని రైతునకెంత ముఖ్యమో దూరముననున్న ఉద్యోగికిని అంత ముఖ్యము.

అనుమతి యనగా రుసుము తీసికొని ముద్ర వేయుట మాత్రమే కాదు. ఈ ఇంటి గోడ వీధిలోనికి రాదనియు, ఈ ఇంటి మురుగు పొరుగువాని వాకిటికి పోదనియు, ఈ పునాది చెరువు శిఖములో గాని వాగు పోరంబోకులో గాని పడలేదనియు ఊరు ఇచ్చు మాట యది. ఎడ్లబండికి చాలిన సందు నేడు రోగిని కొనిపోవు అంబులెన్సునకు చాలదు. ఇంటింటి అరుగు గజము చొప్పున ముందుకు జరిగిన వీధిని తరువాత వెడల్పు చేయుట ఎంత కష్టమో సర్పంచులకు చెప్పనక్కరలేదు.

గ్రామ పంచాయతీలను స్వపరిపాలనా సంస్థలుగా తీర్చిదిద్దవలెనని రాజ్యాంగము 40వ అధికరణమున ఆదేశించినది. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చి, 11వ షెడ్యూలున 29 విషయములను పంచాయతీల కొరకు పేర్కొన్నది. గ్రామీణ గృహవసతి, రోడ్లు, త్రాగునీరు అందున్నవి. కాని భూవినియోగ నియంత్రణము, భవన నిర్మాణ నియంత్రణము అనునవి పురపాలక సంఘములకు సంబంధించిన 12వ షెడ్యూలున చేరినవి. ఈ విషయమున పల్లెకు గల అధికారమంతయు రాష్ట్ర శాసనముల వలన సంక్రమించినదే. ఆంధ్రప్రదేశమున 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము, తెలంగాణమున 2018 నాటి చట్టము ఇందుకు ఆధారములు. స్థూలముగా చెప్పవలెనన్న, చిన్న యిండ్లకు పంచాయతీయే అనుమతి నిచ్చును. పెద్ద కట్టడములకు, లేఅవుట్లకు పై శాఖల సాంకేతికామోదము కావలయును. పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలో చేరిన పల్లెలలో ఆ సంస్థల ఆమోదము ముఖ్యమగును.

ఈ కట్టడి పంచాయతీలకు అవమానమని కొందరు తలంతురు. రోడ్ల వాలును, వరదనీటి దారిని లెక్క గట్టుటకు శిక్షణ పొందినవారు ప్రతి పల్లెలోను ఉండరు గనుక పై శాఖ పరిశీలన అవసరమే. చిక్కు వేరొకచోట నున్నది. ప్లానును ఆమోదించువారు దూరమున నున్నారు. ఆ ప్లాను ప్రకారము పని జరుగుచున్నదో లేదో దినదినము చూడగలవారు ఊరిలో నున్నారు. ఈ యిరువురకు నడుమ మాట సాగనిచో ఆమోదించిన పటము బీరువాలో నుండును, కట్టడము తన యిష్టము వచ్చినట్లు పెరుగును.

లేఅవుట్ల సంగతి చూడుడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002లో చేసిన నియమములు లేఅవుటు విస్తీర్ణములో నూటికి 10 వంతులు ఖాళీ స్థలముగా విడిచి, రోడ్లతో సహా పంచాయతీకి ఉచితముగా అప్పగింపవలెనని విధించినవి. పిల్లల ఆటస్థలమునకు, రేపటి బడికి, నీటి ట్యాంకునకు ఆధారము ఆ జాగాయే. పంచాయతీ దానిని తన ఆస్తుల పుస్తకమున వ్రాసికొని హద్దురాళ్ళు పాతింపనిచో, కొన్నేండ్లకు అదియు ప్లాట్లుగా అమ్ముడు పోవుటకు అవకాశము కలుగును.

ఉపేక్ష ఎచటికి దారితీయునో పంజాబునందలి ఒక గ్రామము తెలుపుచున్నది. పటియాలా జిల్లా రోహర్ జాగీర్ గ్రామమున ఉమ్మడి చెరువును పూడ్చి కొందరు ఇండ్లు కట్టిరి. ఇండ్లు లేచినవి గనుక భూమి వెల వసూలు చేసి వదలివేయవలెనని జిల్లా కలెక్టరు ఆదేశించెను. 2011 జనవరి 28న సుప్రీంకోర్టు దానిని అంగీకరింపలేదు. డబ్బు వ్యయపడినదను కారణమున ఊరి ఉమ్మడి సొత్తు పరాధీనము కారాదని చెప్పి, అట్టి ఆక్రమణలను తొలగించు పథకములను సిద్ధపరుపవలెనని రాష్ట్రములన్నిటిని ఆదేశించినది.

తెలుగు రాష్ట్రములు రెండును 2020లో అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను రుసుముపై క్రమబద్ధము చేయు పథకములను ప్రకటించినవి. మోసపోయిన కొనుగోలుదారునకు అది ఊరట యనుటలో సందేహము లేదు. అయినను, మొదటనే నియమమును పాటించి స్థలము విడిచినవాడు, పాటింపక తరువాత రుసుము కట్టినవాడు తుదకు ఒక్కచోటికే చేరినచో, మరియొకసారి నియమమును పాటించువాడెవడు? క్రమబద్ధీకరణము అపవాదముగా నుండవలెను గాని ఆనవాయితీ కారాదు.

అట్లని ప్రతి తప్పునకు కూల్చివేతయే మందనుటయు సరి కాదు. యజమానికి కనీసము 15 దినముల నోటీసు నిచ్చి, అతని మాట విన్న పిమ్మటనే కట్టడమును తొలగింపవలెనని సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న నిర్దేశించినది. వీధులు, జలవనరుల వంటి బహిరంగ స్థలముల ఆక్రమణలకు ఆ రక్షణ వర్తింపదని కూడ చెప్పినది. అదే సంవత్సరము డిసెంబరు 17న, నిర్మాణము సక్రమముగా ముగిసినదను పత్రము చూడకుండ విద్యుత్తు, నీటి కనెక్షను లీయరాదని, బ్యాంకులు ఆ పత్రమును పరిశీలించియే అప్పు లీయవలెనని చెప్పినది. ఈ రెండు తీర్పులును కలిపి చదివినచో కర్తవ్యము స్పష్టమగును. పునాది తీయునాడు చూచి ఆపిన తప్పు ఒక గుంత పూడ్చుటతో తీరును. కప్పు పడిన తరువాత చూచినచో ఒక కుటుంబము వీధిన పడును, లేదా ఊరు తన వీధిని పోగొట్టుకొనును.

ఆ చూపు ఒక్క కార్యదర్శిపై మోపదగినది కాదు, గ్రామసభది. తమిళనాట ఉత్తరమేరూరు శాసనములు పదవ శతాబ్దమునాడే చెరువులకు, తోటలకు వేర్వేరు సంఘములను తెలుపుచున్నవి. సంఘమున పనిచేసి లెక్క ఒప్పగింపనివాడును, అతని దగ్గరి బంధువులును తిరిగి ఎన్నికకు అర్హులు కారు. వేయి యేండ్లనాటి ఆ నియమము నేటికిని పాఠము. గ్రామసభ కూడినప్పుడెల్ల ఈ కాలమున వచ్చిన దరఖాస్తులెన్ని, అనుమతించినవెన్ని, త్రోసివేసినవెన్ని, నోటీసు లిచ్చిన పిమ్మట ఏమి జరిగినది అని చదివి వినిపించినచో ఖర్చేమియు లేదు. అనుమతి సంఖ్యను కట్టడము వద్ద పలకపై వ్రాయించినచో దారిన పోవువాడును అడుగగలడు.

ఉద్యోగులకును ఇందు బాధ్యత కలదు. సెలవులలో రెండు దినములకు వచ్చి, దళారి చూపిన రంగుల పటము నమ్మి బయానా ఇచ్చుట తగదు. లేఅవుటు ఆమోదపు సంఖ్యను పంచాయతీలో సరిచూచుకొనుట, 500 చదరపు మీటర్లకు మించిన వెంచరు 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము క్రింద నమోదైనదో లేదో విచారించుట, విడిచిన ఖాళీ స్థలమును కాలినడకన పోయి చూచుట - ఈ మూడు పనులకు ఒక్క పూట చాలును. ఆ పూట వెచ్చించువారు తమ సొమ్మును కాపాడుకొనుటయే గాక, పుట్టిన ఊరి చెరువును, వీధిని కూడ కాపాడినవారగుదురు.