మందుకు లొంగని తెగులు: తాళం, తాళపుచెవి



మిరప తోటలో బూడిద తెగులు కనిపిస్తుంది. దుకాణానికి పోయి మందు తెచ్చి కొడతాము. తగ్గదు. మరో పేరు గల డబ్బా తెస్తాము. అదీ పని చేయదు. "మూడు మందులు మార్చానండీ, మూడూ నకిలీవేనా?" అని అడిగే రైతులు తరచు తటస్థపడుతూ వుంటారు. నకిలీ కావచ్చు. మోతాదు చాలక పోవచ్చు. ఆకు అడుగుభాగం తడవక పోవచ్చు. కాని ఆ మూడు డబ్బాల మీద సన్న అక్షరాల్లో వున్న అసలు మందు పేరు చదివితే ఒక్కొక్కప్పుడు వేరే సంగతి బయట పడుతుంది. మనం మార్చింది డబ్బాను, మందును కాదు! అదెట్లాగో యీ పూట చెప్పుకుందాం.

మనిషిలో గాని, మొక్కలో గాని, తెగులు కలిగించే శిలీంధ్రంలో గాని లోపలి పనులు చేసేవి మాంసకృత్తులు. మాంసకృత్తు అంటే పూసల దండ వంటిది. పూసలు 20 రకాలు. వాటినే అమినో ఆమ్లాలు అంటారు. ఈ దండ ముడుచుకొని ఒక ఆకారం తెచ్చుకుంటుంది. అందులో గుంటలు, సందులు యేర్పడతాయి. అవే తాళంలోని రంధ్రాలు అనుకోండి. మందు ఆ రంధ్రంలో దూరి యిరుక్కుంటే తాళం పని చేయదు.

కంటికి కనిపించని యీ తాళాన్ని చూసేదెట్లా? మాంసకృత్తును పటికబెల్లం పలుకుల మాదిరి స్ఫటికాలుగా పేర్చి, ఎక్స్ కిరణాలు పంపి, అవి చెదిరిన తీరును బట్టి ఆకారం లెక్క కడతారు. పూసకూ పూసకూ మధ్య దండ యే కోణాల్లో మెలి తిరగగలదో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్ గారూ, వారి సహచరులూ పటం వేసి చూపారు. నేటికీ ఆకారం సరిగా వచ్చిందా లేదా అన్నది ఆ పటంతో సరిచూస్తారు. ఇట్లా తేలిన ఆకారాలను 1971 నుంచి ఒక ఖజానాలో భద్రపరుస్తున్నారు. నాడు 7 వుండగా నేడు 2 లక్షలు దాటాయి.

అన్ని తాళాలనూ స్ఫటికాలుగా చేయడం సాధ్యం కాదు. అప్పుడు పోలిక చూస్తారు. అన్నదమ్ముల ముఖాలు కలిసినట్లు, పూసల వరుస కలిస్తే ఆకారమూ కలుస్తుంది. తెలిసిన ఆకారాన్ని అచ్చుగా పెట్టుకొని తెలియని దానిని కంప్యూటరు మీద కడతారు. వరుసను బట్టి ఆకారాన్ని చాలావరకు సరిగా చెప్పగల ఆల్ఫాఫోల్డ్ అనే పద్ధతి 2020లో నిరూపణ అయింది. దానికి 2024లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆపైన మందు రూపాన్ని ఆ గుంటలో పెట్టి, యిముడుతుందో లేదో కంప్యూటరులోనే చూస్తారు. అయితే యిది అంచనాయే. కుండీలోనూ, చేలోనూ పరీక్షించిన తరువాతనే నమ్మాలి.

ఇక మన సంగతికి వద్దాం. అజాక్సీస్ట్రోబిన్ జాతి మందులు 1996లో విపణిలోకి వచ్చాయి. ఇవి శిలీంధ్రం ఊపిరిని, అనగా శక్తి పుట్టించే యంత్రాన్ని ఆపుతాయి. ఆ యంత్రంలోని తాళం పేరు సైటోక్రోమ్-బి. పశువు గుండె నుంచి తీసిన యిటువంటి యంత్రం ఆకారం 1997లో తేలింది. దాని పోలికతో శిలీంధ్రపు తాళాన్ని కట్టి చూశారు.

1998లో జర్మనీలో గోధుమ బూడిద తెగులు యీ మందుకు లొంగడం మానింది. కారణం వెదికితే, దండలో 143వ పూస మారింది. గ్లైసిన్ పోయి అలనిన్ వచ్చింది. గ్లైసిన్ పూసలన్నింటిలో చిన్నది. అలనిన్‌లో ఒక్క కర్బన పరమాణువు, రెండు ఉదజని పరమాణువులు అధికం. ఆ పిసరంత ఉబ్బు మందును గుంటలోకి రానివ్వదు. శిలీంధ్రానికి కావలసిన సొంత పదార్థం మాత్రం యధాప్రకారం దూరుతుంది. కనుక శిలీంధ్రం బ్రతుకుతుంది, మందు దండగ అవుతుంది. ఈ శతాబ్దం రెండవ దశకంలో జపానులో వరి అగ్గితెగులు శిలీంధ్రంలో కూడా యిదే మార్పు పట్టుబడింది.

మందు పూసను మార్చదు. కోట్ల శిలీంధ్రాల్లో యెక్కడో ఒకటి తనంతట మారి వుంటుంది. మనం అదే మందు పదే పదే కొడితే మిగతావి చచ్చి, అదొక్కటే మిగిలి పొలమంతా నిండుతుంది.

కాబట్టి గుర్తుంచుకోండి. అజాక్సీస్ట్రోబిన్, ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్, పైరాక్లోస్ట్రోబిన్, పికాక్సీస్ట్రోబిన్, క్రెసాక్సిమ్-మిథైల్ పేర్లు వేరైనా అన్నిటికీ తాళం ఒక్కటే. ఒకటి విఫలమైతే రెండవది కొట్టి లాభం లేదు. మిశ్రమ మందుల్లో కూడా యివి వుంటాయి, లెక్కలో చేర్చుకోండి. టెబుకొనజోల్, డైఫెనకొనజోల్ వంటివి వేరే తాళం మీద పని చేస్తాయి. మీ పైరుకు సిఫారసు చేసిన వాటిని మార్చి మార్చి, పూర్తి మోతాదులో, తెగులు ముదరక ముందే వాడండి. ఖాళీ డబ్బా చీటీ దాచి, యే తేదీన యేది కొట్టారో రాసి పెట్టుకోండి. గ్రామ స్థాయి కార్యకర్తలు కూడా రైతు వచ్చినప్పుడు ముందుగా ఆ చీటీని అడిగి చూడాలి.

డబ్బా పేరు కాదు, మందు పేరు అడగండి.