ఎత్తు తక్కువైతే సైన్యంలో ఏ దారి?



సైన్యంలో చేరాలని ఎంతో ఆశ ఉండి, ఎత్తు దగ్గర ఆగిపోయిన పిల్లల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పిల్లలు తక్కువేం కాదు. గుంటూరు, విశాఖపట్నం, సికింద్రాబాద్ రిక్రూటింగ్ ఆఫీసులు నడిపే ర్యాలీలకు రాత్రికి రాత్రే బస్సులెక్కి వస్తారు. నెలల తరబడి చెరువు కట్టల మీద, కాలేజీ గ్రౌండ్లలో పరుగెత్తి వచ్చినవాళ్లు. కొలబద్ద కింద నిలబడగానే 164 అని చదువుతారు. కావలసింది 166. పక్కకు పొమ్మంటారు.

ఆ అబ్బాయి ఇంటికొచ్చి, "నేను మిలిటరీకి పనికిరానంట నాన్నా" అంటాడు. ఇంట్లోవాళ్లూ నమ్మేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే. ఆ కొలబద్ద చెప్పింది ఆ మాట కాదు. ఆ అబ్బాయి ఆ ఒక్క ఉద్యోగానికి ఎత్తు చాలలేదని మాత్రమే చెప్పింది. అదే 164 సెంటీమీటర్ల కుర్రాడు ఆర్మీలో గుమాస్తాగానో స్టోర్ కీపర్‌గానో చేరవచ్చు, నౌకాదళంలో చేరవచ్చు, వాయుసేనలో చేరవచ్చు, కోస్ట్‌గార్డులో చేరవచ్చు. చదువు తోడుంటే ఆర్మీలోనే అధికారి కావచ్చు. ఎత్తు ఒక్కటే చూస్తే యుద్ధ విమానం నడిపే పైలట్ కూడా కావచ్చు. సిపాయిగా కుదరని ఎత్తు అధికారికి సరిపోవడం ఏమిటని మీకు అనిపించవచ్చు. నిబంధన అలాగే ఉంది మరి.

ఎందుకలా ఉందో చెబుతాను. సిపాయిల నియామకంలో ఎత్తును ప్రాంతాన్ని బట్టి నిర్ణయించారు. పంజాబ్, హర్యానా మైదానాలవాళ్లకు జనరల్ డ్యూటీకి, అంటే మామూలు సిపాయి ఉద్యోగానికి, 170 సెంటీమీటర్లు ఉండాలి. మధ్య భారతానికి 168. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళలతో కూడిన దక్షిణాదికి 166. తూర్పు హిమాలయాలవాళ్లకు 160, గూర్ఖాలకు 157. గుర్తింపు పొందిన గిరిజన ప్రాంతాల ఆదివాసీ యువకులకు 162. మన ఏజెన్సీ ఊళ్ల పిల్లలు ఈ చివరి సంఖ్యను బాగా గుర్తుపెట్టుకోవాలి. సరైన ధ్రువపత్రం చేతిలో లేక ఈ నాలుగు సెంటీమీటర్ల సడలింపు పోగొట్టుకోకూడదు. మాజీ సైనికుల కొడుకులకు, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న తల్లుల బిడ్డలకు 2 సెంటీమీటర్ల సడలింపు ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరంలాగా ఇంటింటికీ సైనికుడున్న ఊళ్లలో ఇది చాలామందికి అక్కరకొస్తుంది.

అధికారుల సంగతి వేరు. వాళ్లను దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టి తీసుకుంటారు. అక్కడ పురుషులకు కనీస ఎత్తు 157 సెంటీమీటర్లు, మహిళలకు 152. అంటే అయిదడుగుల రెండంగుళాలున్న అబ్బాయి, అయిదడుగులున్న అమ్మాయి కూడా భుజాన నక్షత్రాలు పెట్టుకోవచ్చు. ఇంకో మంచి మాట ఉంది. ఇంటర్ తర్వాత అధికారి శిక్షణ ఇచ్చే జాతీయ రక్షణ అకాడమీ, అంటే ఎన్డీఏకి వెళ్లే పిల్లలు 18 ఏళ్లలోపు వాళ్లైతే, ఇంకా పెరుగుతారని 2 సెంటీమీటర్లు తగ్గించి చూస్తారు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎత్తు తక్కువగా ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది పరుగు గురించి కాదు, చదువు గురించి. సైన్యంలో చదువు పెరిగేకొద్దీ ఎత్తు నిబంధన కిందికి దిగుతుంది. ఆర్మీలోనే చూడండి. మన ప్రాంతానికి జనరల్ డ్యూటీ 166, టెక్నికల్ 165, క్లర్క్, స్టోర్ కీపర్ 162, అధికారి 157. క్లర్క్, స్టోర్ కీపర్ ఉద్యోగానికి ఇంటర్‌లో మొత్తం మీద 60 శాతం, ఒక్కో సబ్జెక్టులో 50 శాతం మార్కులు కావాలి. టైపింగ్ కూడా వచ్చి ఉండాలి. ఆ మార్కులు లేక వెనక్కి తిరిగేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే ఎత్తు మన చేతిలో లేదు, మార్కులు మన చేతిలో ఉన్నాయి. స్టోర్ కీపర్ అంటే తేలిగ్గా తీసుకోకండి. తూటా దగ్గర్నుంచి ట్యాంకు విడిభాగం దాకా లెక్క తప్పకుండా ముందు వరసకు చేర్చే పని అది. ఆ పని నేర్పే ఆర్మీ ఆర్డినెన్స్ కోర్ కేంద్రం మన సికింద్రాబాద్‌లోనే ఉంది.

ఇక వాయుసేన. నా దృష్టిలో పొట్టివాళ్లకు అన్నిటికంటే విశాలంగా తెరిచి ఉన్న తలుపు ఇదే. వాయుసేనలో సైనికులను తీసుకునే అగ్నివీర్ వాయు నియామకాల్లో కనీస ఎత్తు 152 సెంటీమీటర్ల దగ్గరే ఉంది, అబ్బాయిలకైనా అమ్మాయిలకైనా. ఇంటర్ మార్కులు 50 శాతం ఉంటే రాయవచ్చు, మూడేళ్ల ఇంజనీరింగ్ డిప్లొమా ఉన్నా రాయవచ్చు. 1.6 కిలోమీటర్ల పరుగుకు అబ్బాయిలకు 7 నిమిషాలిస్తారు. ఆర్మీ ర్యాలీలో ఆ పరుగుకే పూర్తి మార్కులు రావాలంటే అయిదున్నర నిమిషాల్లో ముగించాలి. విమానం ఇంజన్ విప్పి బిగించడం, రాడార్ చూడటం, ఆయుధాలను సిద్ధం చేయడం లాంటి పనుల్లో ఎత్తుతో నిమిత్తం లేదు. ఇరుకు సందులో చేయి పెట్టి బోల్టు తిప్పాల్సి వచ్చినప్పుడు చిన్న ఒళ్లే మేలు.

నౌకాదళంలో నావికులకు 157 సెంటీమీటర్లు కావాలి, కోస్ట్‌గార్డ్ నావిక్, యాంత్రిక్ ఉద్యోగాలకూ అంతే. శిక్షణ ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో ఇస్తారు. జలాంతర్గామి విభాగం వైపు వెళ్లాలనుకునేవాళ్లకు విశాఖపట్నంలో ఐఎన్‌ఎస్ శాతవాహన ఉంది, జలాంతర్గామి సిబ్బందిని తయారుచేసే బడి అది. జలాంతర్గామి లోపల నడవలు ఇరుకు, పడకలు ఒకదాని మీద ఒకటి, తల మీద పైపులు. ఆరడుగులవాడు వంగి నడవాల్సిన చోట అయిదడుగుల మూడంగుళాలవాడు నిటారుగా నడుస్తాడు.

పైలట్ కావాలనుకునేవాళ్లు మాత్రం జాగ్రత్తగా వినండి. అక్కడ దాదాపు 163 సెంటీమీటర్లు ఉండాలి. అదొక్కటే చాలదు. కూర్చున్నప్పటి ఎత్తు, కాలి పొడవు, తొడ పొడవు విడివిడిగా కొలుస్తారు. కాలు పెడల్‌కు అందాలి, కన్ను అద్దంలోంచి బయటికి చూడగలగాలి, ప్రమాదం వచ్చి సీటుతో సహా బయటికి ఎగిరినప్పుడు మోకాలు దేనికీ తగలకూడదు. ఇది ప్రాణానికి సంబంధించిన కొలత, దీంట్లో బతిమాలుకోవడానికి ఏమీ లేదు. మరీ పొడుగు కాళ్లున్నవాళ్లనూ ఇదే కొలత వెనక్కి పంపుతుంది.

ప్రపంచ చరిత్రలోకి ఒకసారి చూద్దాం. 1961 ఏప్రిల్ 12న మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్లిన యూరీ గగారిన్ సోవియట్ వాయుసేన అధికారి. ఆయన ఎత్తు 157 సెంటీమీటర్లు. ఆ నౌకలో చోటు చాలా తక్కువ కాబట్టి 170 సెంటీమీటర్లు దాటినవాళ్లను అసలు ఎంపికలోకే రానివ్వలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్ విమానాల పొట్ట కింద గుండ్రటి గాజు గదిలాంటిది ఉండేది. అందులో మోకాళ్లు ముడుచుకుని మరతుపాకి పేల్చే పనికి పొట్టివాళ్లనే వెతికి మరీ పెట్టేవారు. వియత్నాంలో భూగర్భ సొరంగాల్లోకి పిస్తోలు, టార్చిలైటు పట్టుకుని దిగే పనీ చిన్న ఒళ్లున్నవాళ్లకే పడింది. భయంకరమైన పని అది. సోవియట్ నమూనా ట్యాంకులు కూడా ఎత్తు తక్కువగా కట్టినవే. మన సైన్యంలో ఉన్న టీ-72 లోపల గుండును ఎక్కించడానికి నాలుగో మనిషి ఉండడు, యంత్రమే ఎక్కిస్తుంది. ముగ్గురే ఉంటారు, వాళ్లూ సర్దుకుని కూర్చోవాలి. మన మెదక్ ఆయుధ కర్మాగారంలో తయారైన, సైనికులను మోసుకెళ్లే సారథ్ పోరాట వాహనం ఎక్కి చూసినా, పొడుగు మనిషికి అదెంత ఇరుకో అర్థమవుతుంది. అయితే ఒక సంగతి మరిచిపోకండి. మన దగ్గర ట్యాంకు దళం సిపాయిలకు వేరే ఎత్తు నిబంధన లేదు, జనరల్ డ్యూటీ కొలతే వర్తిస్తుంది. పొట్టిగా ఉన్నాను కాబట్టి నన్ను ట్యాంకులోకి తీసుకుంటారని ర్యాలీకి వెళ్తే కుదరదు. 158 సెంటీమీటర్లతో ట్యాంకు దళంలోకి వెళ్లాలంటే అధికారిగానే వెళ్లాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ చేసిన ప్రయోగం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1914లో అక్కడ సైనికుడికి అయిదడుగుల మూడంగుళాలు ఉండాలనేవారు. బొగ్గు గనుల్లో పనిచేసి కండ తేలిన మనుషులు కూడా ఎత్తు చాలక వెనక్కి పోవాల్సి వచ్చింది. బర్కెన్‌హెడ్ అనే ఊళ్లో ఆల్‌ఫ్రెడ్ బిగ్‌లండ్ అనే పార్లమెంటు సభ్యుడు ప్రభుత్వంతో పట్టుబట్టి అనుమతి తెచ్చాడు. అయిదడుగులకూ అయిదడుగుల మూడంగుళాలకూ మధ్య ఉన్నవాళ్లతో ప్రత్యేక దళాలు ఏర్పడ్డాయి. వాటికి బాంటమ్ బెటాలియన్లని పేరు. మొదట వచ్చినవాళ్లు గట్టివాళ్లు, బాగా పోరాడారు. కందకంలో గోడ మీదుగా చూడలేకపోతే ఇసుక బస్తాల మీద నిలబడి కాల్చేవారు. కాని తర్వాత ఖాళీలు నింపే తొందరలో, ఎత్తు తక్కువ ఉంటే చాలు, ఒంట్లో బలం ఉందో లేదో చూడకుండా చేర్చుకున్నారు. ఆ మనుషులు చలిలో, బురదలో మూటలు మోయలేకపోయారు. యుద్ధం ముగియకముందే ఆ దళాల ప్రత్యేకత పోయింది. పొట్టితనం వేరు, బలహీనత వేరు. ఈ రెంటినీ ఒకే గాట కట్టినప్పుడల్లా నష్టం జరిగింది. మంచి మనుషులను వదులుకున్నప్పుడూ జరిగింది, సిద్ధంగా లేనివాళ్లను పంపినప్పుడూ జరిగింది.

బలం సంగతి గూర్ఖా సైనికుడు లచ్చిమన్ గురుంగ్‌ను చూస్తే తెలుస్తుంది. ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. 1945 మేలో బర్మాలోని టాంగ్‌డా దగ్గర ముందు కందకంలో ఉన్నాడు. శత్రువు విసిరిన గ్రెనేడ్లు రెండింటిని తిరిగి విసిరేశాడు, మూడోది కుడిచేతిలో పేలింది. ఆ తర్వాత ఎడమచేత్తోనే తుపాకి నింపుకుంటూ నాలుగు గంటలు ఆ చోటు వదల్లేదు. బ్రిటిష్ సైన్యపు అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఆయనకు దక్కింది.

ఇప్పుడు కొన్ని కఠినమైన మాటలు. ఎత్తు పెంచుతామని చెప్పి పొడులు, మాత్రలు అమ్మేవాళ్ల జోలికి పోవద్దు. ఎముకల చివర్లలో ఉండే పెరుగుదల పొరలు మూసుకున్నాక ఏ పొడీ మనిషిని పొడిగించలేదు. కడుపునిండా తిండి, నిద్ర, ఆట, ఇవి చిన్నప్పట్నుంచి ఉండాలి. పొద్దున లేచినప్పుడు మనిషి సాయంత్రం కన్నా ఓ సెంటీమీటరు దాకా ఎత్తు ఉంటాడు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు పగలంతా నొక్కుకుపోవడమే కారణం. కావలసిన ఎత్తుకు అటూ ఇటూగా ఉన్నవాళ్లు కొలతల ముందు రాత్రి బాగా నిద్రపోండి, వెన్ను నిటారుగా పెట్టి నిలబడటం నేర్చుకోండి. అంతకుమించి ఉపాయాలు వద్దు. జుట్టు కింద మైనం ముద్ద పెట్టుకుని పోలీసు నియామకాల్లో దొరికిపోయిన సంగతి మన తెలంగాణలోనే వార్తలకెక్కింది. దొరికితే ఆ ఉద్యోగంతో పాటు పరువూ పోతుంది.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవాళ్లకు 170 సెంటీమీటర్లు అడుగుతారు, ఆర్మీ కన్నా ఎక్కువ. గిరిజనులకు 162.5. ఆర్మీలో ఎత్తు చాలనివాళ్లు అటు వెళ్లి మళ్లీ భంగపడుతుంటారు. ముందే తెలుసుకోండి.

మరుగుజ్జుతనం ఉన్నవాళ్ల గురించి చెప్పకుండా ముగించడం అన్యాయం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 147 సెంటీమీటర్లు, అంతకన్నా తక్కువ ఎత్తు ఉండే ఆ స్థితిని వైకల్యంగా గుర్తించి, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇచ్చింది. ఆయుధం పట్టే ఉద్యోగాలకు ఆ రిజర్వేషన్ వర్తించదు. రక్షణ శాఖలోని పౌర ఉద్యోగాలకు వర్తిస్తుంది. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాలల్లో, విశాఖ నావల్ డాక్‌యార్డులో శాస్త్రవేత్తలు, సాంకేతిక సిబ్బంది, గుమాస్తాలు వేలమంది యూనిఫాం లేకుండానే దేశ రక్షణకు పనిచేస్తున్నారు. క్షిపణి లెక్క వేసే మనిషి ఎత్తు ఎవరూ కొలవరు.

తల్లిదండ్రులకూ, కాలేజీల్లో వ్యాయామం నేర్పే మాస్టార్లకూ ఒక విన్నపం. పిల్ల గానీ పిల్లాడు గానీ సైన్యం అన్నప్పుడు, ఇంటర్ మొదటి సంవత్సరంలోనే ఎత్తు సరిగ్గా కొలిచి రాసిపెట్టండి. ఆ అంకెను బట్టి ఏ పరీక్షకు తయారు కావాలో అప్పుడే తేల్చండి. అగ్నివీర్ వయసు పదిహేడున్నర నుంచి కొన్నేళ్ల దాకానే, ఒక్క ఏడాది తప్పుదారిలో పోయినా తిరిగి రాదు. కొలతలు నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంటాయి, ఆ సంవత్సరం వచ్చిన కాగితాన్నే చదవండి, ఎవరో చెప్పిన అంకెను నమ్మకండి. ఎన్డీఏ పరీక్షను యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పెడుతుంది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండగానే రాయవచ్చు.