అడ్డము – నిలువు : ఆటలో ఆంగ్ల పదములు
(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ప్రచార శాఖవారు వచ్చిరనగానే ఏదో ఒక పథకమును గూర్చి చెప్పబోవుచున్నారని మీరు తలచియుందురు. నేడు మేము పథకమును తేలేదు. ఒక ఆటను తెచ్చితిమి. దీనికి నిధులు అక్కరలేదు. ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క, కొంచెము ఓపిక చాలును. అయినను ఇది కాలక్షేపమునకు చెప్పు మాట కాదు. ఏల యనగా –

మేమెరిగిన ఒక గ్రామమున జరిగిన సంగతి చెప్పెదము. ఊరి త్రాగునీటి పంపునకు సంబంధించి పంచాయతీకి ఆంగ్లమున ఒక లేఖ వచ్చెను. అందులో ‘ఔట్‌స్టాండింగ్’ అను మాట కలదు. సభ్యులలో ఒకరు కొంత చదివినవారు. తమ కుమారుని బడి నివేదికలో ఆ మాటను చూచియుండిరి. ‘అత్యుత్తమము’ అని దాని అర్థము. మన పంచాయతీని మెచ్చుకొనిరని అందరును సంతోషించి ఆ లేఖను భద్రముగా దాచిరి. కాని ఆ మాటకు ‘ఇంకను చెల్లింపవలసియున్న బాకీ’ అని మరియొక అర్థము కలదు. గడువు దాటెను. నడివేసవిలో పంపునకు విద్యుత్తు ఆగిపోయెను. నాలుగు దినములు ఆ ఊరి ఆడువారు బిందెలు మోసికొని పొలముల బావులకు నడచిరి. ఒక్క మాట రెండవ అర్థము తెలియకపోవుటకు వారు చెల్లించిన వెల ఇది.

1966లో చేసిన అధికార భాషా చట్టముతో తెలుగు మన రాష్ట్ర అధికార భాష అయినది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చి పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించినది. కావున తెలుగులో లేఖ కోరుట మీ హక్కు, దానిని విడువవలదు. అయినను ఎస్టిమేటు, టెండరు, ఆడిటు మొదలగువానిలో ఆంగ్ల పదములు నేటికిని తప్పుట లేదు. తెలియనిదానిపై సంతకము చేయుట కంటె తెలిసికొని చేయుట మేలు కదా!

‘శాంక్షన్’ అను మాటను చూడుడు. మీ రోడ్డు పనికి శాంక్షన్ వచ్చినదన్న, అనుమతి వచ్చినదని అర్థము. ఒక దేశముపై ఇతర దేశములు శాంక్షన్లు విధించినవని పత్రికలో వచ్చిన, అవి ఆంక్షలు. మాట ఒక్కటే, అర్థములు తూర్పు పడమరలు. ఇట్టివానిని పట్టిక వ్రాసి వల్లె వేసిన మనసున నిలువవు. పొడుపుకథగా విప్పిన నిలుచును.

పొడుపుకథలు మనకు క్రొత్త కావు. ఒకటి వేసెదము: ‘అటొక పరుగు, ఇటొక పరుగు, పరుగెత్తిన కొలది కడుపు చిక్కును, ఎదుట చీర పెరుగును.’ ఎమ్మిగనూరువారు వెంటనే నవ్వుచున్నారు. నాడె! దానినే ఆంగ్లమున ‘షటిల్’ అందురు. రెండు ఊళ్ళ నడుమ అటునిటు తిరుగు బండికి షటిల్ అను పేరు ఈ నాడె నుండియే వచ్చినది. ఇక ఆ మాటను మీరు మరచుట కష్టము.

ఆంగ్ల పదములతో ఆడదగిన ఆటలు ముఖ్యముగా మూడు.

మొదటిది అక్షరముల తారుమారు. వీ, ఓ, టీ, ఈ అను నాలుగక్షరములతో ‘ఓట్’ అగును. అవే అక్షరములను వీ, ఈ, టీ, ఓ అని మార్చిన ‘వీటో’ అగును. ఒకటి ప్రజలిచ్చు సమ్మతి, మరియొకటి తీర్మానమును త్రోసివేయు అధికారము. ‘లిజన్’ అనగా వినుట. దాని ఆరక్షరములనే తిరిగి పేర్చిన ‘సైలెంట్’ అగును, అనగా మౌనము. సభలో ఈ రెండును కలిసియుండవలెనని మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవది పదముల నిచ్చెన. దీనిని ఆంగ్ల రచయిత లూయిస్ కరోల్ 1877లో కనిపెట్టెను. ఒక్కొక్క మెట్టున ఒక్క అక్షరమునే మార్చవలెను. ప్రతి మెట్టును అర్థము గల మాట కావలెను. ‘కోల్డ్’ అనగా చల్లని. అందులో ఎల్ తీసి ఆర్ ఉంచిన ‘కార్డ్’, అనగా త్రాడు. సీ బదులు డబ్ల్యూ ఉంచిన ‘వర్డ్’, మాట. ఓ బదులు ఏ ఉంచిన ‘వార్డ్’. మీరు ఎన్నికైన వార్డే అది. చివర డీ తీసి ఎమ్ ఉంచిన ‘వార్మ్’, వెచ్చని. ఒక్క ఆటలో ఐదు మాటలు, వాని వ్రాతతో సహా వచ్చినవి.

మూడవది గళ్ళ నుడికట్టు. దీనిని ఆర్థర్ విన్ అనునాయన 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో మొదట ప్రకటించెను. తెలుగున శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులును ఇట్టి నుడికట్టులను కూర్చిరి. దీని మర్మము ఈ ప్రాంతమువారికి పుట్టుకతోనే తెలియును. మాచాని సోమప్పగారు నడిపిన ఎమ్మిగనూరు నేతపనివారల సహకార సంఘము 1938 నాటిది. పడుగు నిలువు, పేక అడ్డము. రెండును కలియుచోట ఒకదానినొకటి పట్టుకొనును. నుడికట్టులోను అంతే. నిలువు మాట తెలియనిచో అడ్డపు మాటలోని అక్షరము దానికి సాయము చేయును. తెలిసినది తెలియనిదానికి దారి చూపుటయే ఈ ఆట గుణము.

ఇక జాతీయములు. ఇవి మాటకు మాట అర్థము చెప్పుకొన్న పొసగవు. ఆదోని ప్రత్తికిని, ఎమ్మిగనూరు మగ్గమునకును దగ్గరి జాతీయములు ఆంగ్లమున పెక్కు కలవు. ‘నూలు వడకుట’ అని వారనిన, కథలు చెప్పుట. మనము ‘కథలు అల్లుట’ అందుము. ‘ఉన్న గుడ్డను బట్టి కోటు కత్తిరించుము’ అని వారనిన, ‘దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపవలెను’ అని మనము. బడ్జెటు వేయునప్పుడు రెండును పనికివచ్చును. పూర్వము ఉన్నిబట్టను తడిపిన తరువాత ముడుచుకొనకుండ ‘టెంటర్’ అను చట్రమునకు కొక్కెములతో లాగి కట్టెడివారు. అందుచేత ‘టెంటర్ కొక్కెములపై నుండుట’ అనగా ఆదుర్దాతో ఎదురుచూచుట. మనము ‘ముళ్ళమీద కూర్చున్నట్లు’ అందుము. ప్రభుత్వ కాగితములను ఎఱ్ఱని నాడాతో కట్టు వాడుకనుండి ‘రెడ్ టేప్’ వచ్చినది. దాని అర్థము మీకు అనుభవమే!

ఆంగ్లము మనకు పరాయిదని జంకవలదు. ఆ భాషలోని ‘బ్యాండికూట్’ మన పందికొక్కే. ‘క్యాలికో’ బట్ట పేరు కాలికట్ నుండి పోయినది. ‘కాట్’ అనగా మంచము. అది హిందీ ‘ఖాట్’. మన మాటలు వారు తీసికొనగా లేనిది, వారి మాటలు మనము తీసికొనుటకు సిగ్గేల?

ఇక చేయవలసిన పని. పంచాయతీ కార్యాలయము ముందు ఒక నల్లబల్ల పెట్టుడు. వారమునకు ఒక చిన్న నుడికట్టు, ఒక జాతీయము చాలును. పదములను పాత లేఖలనుండి, విత్తనపు సంచులనుండి, మందు సీసాలనుండి ఏరుడు. ఆధారములు తెలుగులో, సమాధానము ఆంగ్లములో ఉండవలెను. ఉపాధ్యాయుని సాయము కోరుడు. కాని గడులు నింపుట పిల్లలకును, పొదుపు సంఘముల స్త్రీలకును, మీకును వదలుడు. తప్పు వ్రాసినవారిని నవ్వవలదు. సుద్ద చెరుపుటకు వెల లేదు.

మన ప్రాంతమున పంట చేతికి రాని యేట కుటుంబములు గుంటూరు మిరప కోతలకును, బెంగళూరు పనులకును సుగ్గికి పోవును. వారితో పిల్లలును పోవుటచే చదువు తెగును. తిరిగి వచ్చిన పిల్లవాడు తరగతిలో వెనుకబడి తల వంచుకొనును. నల్లబల్లయొద్ద వెనుకటి పాఠమని ఉండదు. ఆ వారపు గడులు అందరికిని క్రొత్తవే. అక్కడ వాడు ఒక్క మాట సరిగా నింపిన, మరల బడిలో తలయెత్తును. ఈ ఒక్క కారణమున కైనను ఈ పని చేయదగినది.

ఒక హెచ్చరిక. రుసుము తీసికొని పెద్ద బహుమతులు చూపు పోటీల జోలికి పోవలదు. ఒకప్పుడు అట్టి నుడికట్టు పోటీలు జూదమై అనేకుల డబ్బు హరించినందున 1955లో పార్లమెంటు బహుమతి పోటీల చట్టమును చేసినది. మన ఆటకు బహుమతి తెలిసికొనిన మాటయే.

వయసు మీరినదని కొందరనవచ్చును. 1820లో కడపకు వచ్చిన బ్రౌనుదొరకు తెలుగు తల్లిభాష కాదు. మన పండితుల యొద్ద కూర్చుండి, ఒక్కొక్క మాటయే కూర్చుకొని, 1852లో తెలుగు – ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. పరదేశి మన భాషకు నిఘంటువు కూర్పగా, మనము మన పంచాయతీకి వచ్చిన లేఖను చదువలేమా?

మొదటి గడిని మేమే ఇచ్చి సెలవు తీసికొందుము. అడ్డము: ఆరు అక్షరముల ఆంగ్ల పదము. తొలి అక్షరము క్యూ. ఇంతమంది రానిదే మీ సభ సాగదు. సమాధానమును వచ్చు సమావేశమున నల్లబల్లపై చూతుము.

జై హింద్!