జలుబు మందులు – ప్రకటనలలోని సత్యము



మందు వేసిన వారము, వేయకున్న ఏడు దినములు అని జలుబును గూర్చి మనవారు పరిహాసముగా చెప్పుచుందురు. ఈ పరిహాసమున వైద్యశాస్త్రము అంగీకరించిన సత్యము కలదు. జలుబును కలిగించు వైరస్‌లు రెండువందలకు పైగా ఉన్నవి. వానిని నిర్మూలించు మందు నేటికిని లేదు. సాధారణముగా వారము, పది దినములలో శరీరమే వ్యాధిని జయించును.

వ్యాపారమునకు అనుకూలించినది ఈ స్వభావమే. బాధ ముదిరిన రెండవ, మూడవ దినమున రోగి మందు కొనును. పిమ్మట ఎట్లును తగ్గవలసిన జలుబు తగ్గును. కీర్తి మందునకు దక్కును. కావున "నాకు తగ్గినది" అను మాట, ఎంత నిజాయితీతో పలికినను, ప్రమాణము కాజాలదు.

ఇట్టి ప్రకటనలను న్యాయస్థానములు విచారించుట నూతనము కాదు. 1891లో ఇంగ్లండునందు కార్బాలిక్ స్మోక్ బాల్ అను సాధనమును అమ్ము కంపెనీ, దానిని దినమునకు మూడు మారులు చొప్పున రెండు వారములు వాడిన పిదప ఇన్‌ఫ్లుయెంజాగాని జలుబుగాని సోకినచో 100 పౌనులు ఇత్తుమని పత్రికలలో ప్రకటించెను. అందుకై బ్యాంకులో 1,000 పౌనులు ఉంచితిమనియు చెప్పెను. శ్రీమతి కార్లిల్ అట్లే వాడియు 1892 జనవరిలో ఇన్‌ఫ్లుయెంజా పాలయ్యెను. అది వట్టి ఆర్భాటపు మాటయని కంపెనీ వాదించినను అప్పీలు న్యాయస్థానము అంగీకరింపక సొమ్ము చెల్లింపవలసినదేయని తీర్పు చెప్పెను. మన దేశమున న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని ఈ తీర్పును చదువుచున్నారు.

అమెరికాలో లిస్టరిన్ అను పుక్కిలించు ద్రవము జలుబును నివారించునని దశాబ్దముల తరబడి ప్రకటించిరి. అది నిజము కాదని 1975లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిర్ణయించి, ఆ సంగతిని కంపెనీ తన ప్రకటనలలోనే చెప్పవలెనని ఆజ్ఞాపించెను. 1977లో న్యాయస్థానము ఆ ఆజ్ఞను ముఖ్యాంశములలో సమర్థించెను.

మన పార్లమెంటు 1954లో ఔషధములు, మాంత్రిక చికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టమును చేసెను. మందు గుణమును గూర్చి తప్పుడు అభిప్రాయము కలిగించు ప్రకటనలను దాని 4వ సెక్షను నిషేధించుచున్నది. కాని చట్టము ప్రతి గోడపై వ్రాతను, ప్రతి తెరపై బొమ్మను కనిపెట్టియుండజాలదు. చదువరి వివేకము దానికి తోడు కావలయును.

ఈ వివేకము లేకున్న నష్టము రూపాయలతో తీరదు. ముక్కుదిబ్బడకని మాత్రలలోను సిరపులలోను చేర్చు ఫినైలెఫ్రిన్, నోటిద్వారా తీసికొన్నచో పనిచేయదని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు నిపుణుల సంఘము ఏకగ్రీవముగా తెలిపెను. దానినే క్లోర్‌ఫెనిరమిన్‌తో కలిపిన మందును నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాలపై ముద్రింపవలెనని మన ఔషధ నియంత్రణాధికారి అదే ఏట డిసెంబరులో ఆదేశించెను. తల్లి ప్రకటనను నమ్మి చెంచాతో పోయునది ఇట్టి మందే కావచ్చును.

ఇంట కాచిన మిరియాల కషాయము గొంతునకు హాయి గూర్చును. అది వ్యాధిని సమూలముగా పెరికివేయునని ఏ అవ్వయు చెప్పదు. ఉపశమనమును ఉపశమనమనియే చెప్పుట సత్యము. దానినే నివారణయని చెప్పి అమ్ముట మోసము. ప్రకటన చూచినప్పుడు అది దేనిని తగ్గించునన్నది, ఏ వయస్సువారికి తగినదన్నది, ఋజువేమున్నదన్నది విచారింపవలయును. జ్వరము విడువకున్నను, ఊపిరి కష్టమైనను ప్రకటనను విడిచి వైద్యుని ఆశ్రయింపవలయును.